గడప ఎన్నికలో మా రత్నం

సోమవారం
గాలి ఈశాన్యం, మందం. మంచినీళ్ళు ముప్పాతిక ట్యాంకు. తాళ్ళు బాగున్నాయి.

రేవు ఆఫీసుకి కావలసింది పై లైను ఒక్కటే. నీళ్ళ మీద తేలే ప్రతి ఇంటివాళ్ళూ ఈ చిట్టా రాసి పంపాలని కొత్త ఉప్పాడలో రూలు. మిగతా పేజీ ఖాళీగా పంపడం ఇష్టంలేక నేను నా గోడు రాస్తుంటాను. ఇంతవరకూ ఎవరూ చదివిన జాడ లేదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను: మా ఆవిడ రత్నం ఎన్నికల్లో నిలబడుతోంది.

ఈ సంగతి నాకు పొద్దున్న గారెలపిండి రుబ్బుతుండగా తెలిసింది. నాది టిఫిన్ పడవ. తెల్లారేసరికి ఇళ్ళ మధ్య సందుల్లో తెడ్డేసుకుంటూ ఇడ్లీ, గారె, పెసరట్టు అమ్ముకోవాలి. అలాంటి వేళ మనిషికి చెప్పవలసిన మాటేనా అది?

"పెద్దమ్మ మీద నిలబడతన్నాను," అంది పళ్ళు తోముకుంటూ.

నా వేళ్ళు పిండితో పాటు నలగలేదంటే కరెంటు రుబ్బురోలుకి నాకంటే ఎక్కువ బుద్ధి ఉండి ఠక్కున ఆగిపోవడం వల్లే.

పెద్దమ్మ అంటే వరాలమ్మ గారు, మా శాసనసభ్యురాలు. సముద్రానికి అడ్డంగా గోడ కట్టి, దాని చాటున ఈ తేలే ఊరిని నిలబెట్టిన నాటినుంచీ ఆవిడే. ఊళ్ళో ఆవిడ వెళ్ళని పెళ్ళి లేదు, ఏడవని చావు లేదు. రత్నాన్ని నాకు కుదిర్చింది కూడా ఆవిడే. అసలు ఎన్నిక వచ్చే నెల్లో ఉంది గానీ, మా దగ్గర ఒక్క పార్టీయే గట్టిది. ఆ పార్టీ టిక్కెట్టు ఎవరికివ్వాలో ఊరే తేలుస్తుంది. దాన్ని గడప ఎన్నిక అంటాం. గడప దాటినవాళ్ళు సభలో కూర్చున్నట్టే. ఇన్నేళ్ళలో వరాలమ్మ గారికి ఎదురు నిలబడినవాళ్ళు ఒక్కరూ లేరు.

"ఇప్పుడెందుకే ఇదంతా?" అన్నాను. తెలిసే అడిగాను.

"తోక కోత ఆపడానికి," అంది.

ఊరంతా వరసలు వరసలుగా, ఒకదాని వెనక ఒకటి, గోడ కొక్కేలకి కట్టి ఉంటుంది. ముందుది గోడ వరస. అన్నిటికంటే వెనకది మాది, తోక వరస. పెద్ద తుఫానులో ఊరి బరువంతా గుంజితే కొక్కేలు ఊడి అందరూ కొట్టుకుపోతారని, మనుషుల్ని గోడమీది హాల్లోకి ఎక్కించి, తోక తాళ్ళు కోసి మా ఇళ్ళని సముద్రానికి వదిలేస్తారు. అది చట్టం. కత్తి పట్టవలసింది శాసనసభ్యులే. కిందటి కార్తీకంలో కోసినప్పుడు మా మావగారు సోమయ్య హాలుకి రానన్నారు. నా ఇల్లు నేను వదలనని లోపల గడియ పెట్టుకున్నారు. కొక్కేలు కీచుమంటున్నాయి. వరాలమ్మ గారు తలుపు బాది, పిలిచి పిలిచి, చివరికి కోశారు. ఆ ఇల్లూ దొరకలేదు, ఆయనా దొరకలేదు. మేమూ అందులోనే ఉండేవాళ్ళం కాబట్టి ప్రభుత్వం మాకు కొత్త ఇల్లిచ్చింది. దాన్ని తెచ్చి మళ్ళీ తోకలోనే కట్టారు.

అందుకని నేను మళ్ళీ పిండి పనిలో పడ్డాను. గారెలు మాత్రం ఇవాళ సరిగా పొంగలేదు.

బుధవారం
గాలి ఈశాన్యం, మోస్తరు. నీళ్ళు సగం ట్యాంకు. తాళ్ళు బాగున్నాయి.

గడపలో నిలబడేవాళ్ళు ముందు అవతలివాళ్ళ ఇంటికి వెళ్ళి ఆ మాట మొహం మీదే చెప్పాలి. అవతలివాళ్ళు అన్నం పెట్టాలి. తినకుండా లేస్తే పోటీ చెల్లదు. ఈ ఆచారం పెట్టినాయన ఎవరో గానీ మంచి భోజనప్రియుడై ఉంటాడు. రత్నం నన్ను తోడు రమ్మంది. చింతచిగురు రొయ్యల వాసన రెండు వరసల అవతలికే వచ్చింది కాబట్టి నేను పెద్దగా బెట్టు చెయ్యలేదు.

వరాలమ్మ గారిల్లు గోడ వరసలో నడిమధ్యది. రెండు పక్కలా విశాలమైన సందులు, కిటికీ తీస్తే గాలీ వెలుతురూ. గోడ వరసకి ఆ హక్కు ఉంది: ఇంటికీ ఇంటికీ మధ్య రెండు పడవలు ఎదురైనా తప్పుకునేంత సందు వదలాలి. అటువంటి సందుల పుణ్యమా అనే నా వ్యాపారం సాగుతోంది.

"కూర్చో అమ్మా. నువ్వొత్తావని తెలుసు," అన్నారు వరాలమ్మ గారు రత్నంతో. నాకేసి తిరిగి, "అల్లుడు గారూ, మొహమాటపడకండి. మీకిష్టవని చేయించాను," అన్నారు.

రత్నం అన్నం కలిపింది గానీ ముద్ద ఎత్తలేదు. "పెద్దమ్మా, నీ మీద నిలబడతన్నాను."

"నిలబడు."

"కోత ఆపుతాను."

"ఎలాగాపుతావు?"

"వంతులు పెడతాను. ఏటికోసారి వరసలు జరగాలి. ఈ ఏడు తోకలో ఉన్నోళ్ళు పై ఏడు గోడకొత్తారు. గోడోళ్ళు తోకకెళ్తారు. కోతంటూ పడితే అందరికీ పడాలి. అప్పుడు చూద్దాం, కోత కావాలని ఎంతమంది చెయ్యెత్తుతారో."

వరాలమ్మ గారు గరిటె కింద పెట్టారు. "ఇంజినీర్లు లెక్కలేసి చెప్పేరమ్మా. గోడ ఇంతే ఆపుద్దని. ఎవరో ఒకరు పట్టాలి కదా ఆ కత్తి? నాకేవన్నా సరదా అనుకున్నావా? మీ నాన్న నాకు మరిది వరస. ఆ రోజు నుంచీ నా కంటిమీద కునుకు లేదు."

"నీకు కునుకు లేదు. మాకు మనిషే లేడు."

నేను నా కంచంలోకి చూస్తూ ఉండిపోయాను.

"పెరుగేసుకో," అన్నారు చివరికి వరాలమ్మ గారు.

రత్నం వేసుకుంది. తింది. పోటీ ఖాయమైంది. ఆ పరిస్థితిలో రొయ్యలు మారు అడగడం బాగోదని నేనూ ఊరుకున్నాను. దేశసేవలో ఇది నా మొదటి త్యాగం.

శనివారం
గాలి ఈశాన్యం, మందం. నీళ్ళు పావు ట్యాంకు, ట్యాంకరు ఇంకా రాలేదు. తాళ్ళు బాగున్నాయి.

రత్నం ఉద్యోగం రేవులో చేపల వేలం వెయ్యడం. ప్రచారానికి మైకు ఎందుకంది. నా పడవలో నిలబడి, నేను తెడ్డేస్తుంటే, వరస వరసకీ గొంతెత్తింది.

"వంజరం కాదమ్మా, పండుగప్ప కాదు, కోత పాట! మొదటి పాట తోక వరస! రెండో పాటా తోక వరసే! మూడో పాట ఎవరండీ? గోడ వరస పాడదా? నడిమి వరస పాడదా? ఒక్కిల్లు! ఒక్కిల్లన్నా పాడండి బాబూ!"

జనం కిటికీల్లోంచి తొంగి చూసి నవ్వారు. కొందరు నవ్వి ఊరుకోలేక డెక్కు మీదికి వచ్చి నిలబడ్డారు. నా ఇడ్లీలు కూడా ఎప్పుడూ లేనంత చురుగ్గా పోయాయి. ఆ విషయం అభ్యర్థికి చెప్పలేదు.

నడిమి వరస లోవకుమారి మాత్రం ఇడ్లీ తింటూ నన్ను నిలదీసింది. ఆవిడ డెక్కు నిండా కోళ్ళు పెంచుతుంది, మాట కూడా పొడిచినట్టే ఉంటుంది.

"మీ ఆవిడ చెప్పేది బాగానే ఉంది గానీ కాశీ, ఓటెయ్యాలంటే నా ఇల్లు అట్టుకొచ్చి మీ తోకలో పెట్టాలా?"

"అంతే కదక్కా మరి."

మా దగ్గర ఓటంటే ఇల్లు కదపడమే. వెనకటికి యంత్రం చెప్పిన లెక్కనీ, మనిషి చెప్పిన లెక్కనీ కూడా జనం నమ్మడం మానేశారట. అప్పుడు పెట్టారు ఈ పద్ధతి. ఓటు రోజున ఎవరిల్లు వాళ్ళు నడుపుకుంటూ వెళ్ళి, తమకి నచ్చిన అభ్యర్థి ఇల్లున్న వరసలో ఆపి, ఆ ఇంటి గుంజకి తమ పచ్చ తాడు కట్టాలి. ఇంటికొక తాడు, తాడుకొక ఓటు. మర్నాడు లెక్కయ్యేదాకా ఇల్లు అక్కడే ఉండాలి. ఇల్లే కదిలి వచ్చాక ఇంక దొంగ ఓటుకి చోటెక్కడ?

"సరిగ్గా ఆ రోజే గాలొత్తే?" అంది లోవకుమారి.

"ఒక్క రోజుకేంటక్కా!"

"గాలి నిన్నడిగి వత్తాదా?" అని, పచ్చడి ఇంకొంచెం వెయ్యమంది.

మంగళవారం
గాలి తూర్పు, మోస్తరు. నీళ్ళు నిండు ట్యాంకు. తాళ్ళు ఒకటి మార్చాను.

ప్రతి ఇంట్లో గాలిపెట్టె ఉంటుంది. పొద్దున్నే వాతావరణం చెప్పి, దాంతోపాటు ఒక ఉచిత సలహా కూడా ఇస్తుంది. తయారుచేసినవాడికి బట్టల పిచ్చి అనుకుంటాను.

ఇవాళ అది, "అండమాన్ దగ్గర అల్పపీడనం. బట్టలు ఆరేసుకోవచ్చు," అంది.

రత్నం జడ వేసుకుంటూ చెయ్యి ఆపింది. వారం తిరిగితే ఓటు రోజు. నేను తేలిగ్గా నవ్వేసి, అల్పమైనదే కదా అన్నాను. తను నవ్వలేదు.

ప్రచారం మాత్రం జోరుగా ఉంది. ఇవాళ నడిమి వరసలో ఒక ముసలాయన మా పడవ ఆపి, వంతులు వస్తే తన ఇల్లు ఎప్పుడు గోడకి చేరుతుందో చెప్పమన్నాడు. రత్నం వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. అప్పటికి నేనుండనుగా అన్నాడాయన. ఉండకపోయినా మీ కోడలు ఉంటుందిగా తాతా అంది. ఆయన కాసేపు ఆలోచించి, దానికోసం అయితే వెయ్యను గానీ నీ గొంతు కోసం వేస్తానన్నాడు. ఓటు ఓటే కదా.

శుక్రవారం
గాలి తూర్పు, కొంచెం గట్టిది. నీళ్ళు సగం. తాళ్ళు బాగున్నాయి, బిగించాను.

"అల్పపీడనం వాయుగుండమైంది. బట్టలు తీసుకుంటే మంచిది."

ఇవాళ ఎన్నికల అధికారి విశ్వనాథం గారు దిగారు. గట్టు మనిషి. పడవ దిగి మా ఊరి మీద కాలు పెట్టగానే మొహం పాలిపోయింది. వరాలమ్మ గారింటి డెక్కు మీద కుర్చీ వేస్తే, చేతులు రెండూ ఆ కుర్చీని పట్టుకుని, నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చున్నారు. ఆయనకి పొద్దున్న ఇడ్లీ ఇవ్వబోతే దండం పెట్టారు.

రత్నం వెళ్ళి అడిగింది. "సార్, ఓటు నాలుగు రోజులు వాయిదా వెయ్యండి. గాలొచ్చేలాగుంది. నాకు ఓటెయ్యాలంటే జనం ఇల్లు తెచ్చి తోకలో పెట్టాలి. ఎవరొత్తారు సార్?"

"అమ్మా, మీ బాధ నాకు అర్థమైంది. కానీ పేర్లు గురువారం రాజధానికి చేరాలి. చేరకపోతే ఈ ఊరికి అభ్యర్థే ఉండరు. నాకు మాత్రం ఇక్కడ ఉండాలని ఉందా చెప్పండి?" అని ఆయన నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. ఆ చివరి మాట మాత్రం మనస్ఫూర్తిగా అన్నారు.

పక్కనే ఉన్న వరాలమ్మ గారు అంతా విన్నారు. మమ్మల్ని సాగనంపుతూ, "రత్నం, నేనడగలేదమ్మా ఈ గాలిని," అన్నారు.

"తెలుసు పెద్దమ్మా," అంది రత్నం.

తిరిగి వస్తుంటే నాకు ఒళ్ళు మండింది. ఎన్నికల్లో డబ్బు, అబద్ధాలు, బంధుత్వాలు పని చేస్తాయని విన్నాను గానీ, బంగాళాఖాతం కూడా ఒక పార్టీలో చేరుతుందని అనుకోలేదు.

మంగళవారం
గాలి తూర్పు, గట్టిది. నీళ్ళు నిండు. తాళ్ళు రెట్టింపు వేశాను.

రేపే ఓటు. గాలిపెట్టె వాయుగుండం తుఫానైందని చెప్పి, వెంటనే అది ఒంగోలు వైపు పోవచ్చని కూడా చెప్పింది. "బట్టలు ఇంట్లోనే ఆరేసుకోండి," అంది.

ఊళ్ళో ఇళ్ళకంటే వేగంగా మాట కదులుతోంది. తుఫాను అటే పోతుందని ఒకరు, ఇటే వస్తుందని ఒకరు. మా తోక వరస వాళ్ళకి ఎలాగూ కొత్త దిగులు లేదు, రత్నానికి ఓటేస్తే ఉన్నచోటు నుంచి కదలక్కర్లేదు. నడిమి వరసల వాళ్ళు మాత్రం మొహాలు చాటేస్తున్నారు. ఇడ్లీ కొనడానికి కూడా కిటికీలోంచి చెయ్యి ఒక్కటే బయటికి వస్తోంది.

"ఎవరూ రారేమోనే," అన్నాను రత్నంతో. తనని ముందే సిద్ధం చెయ్యాలి కదా అని.

"రాకపోతే రానీ. అడిగేను కదా," అంది. తర్వాత తనే, "నాన్న ఉంటే ముందు మన తాడే కట్టేవోడు," అని అటు తిరిగి పడుకుంది. నేను వీపు మీద చెయ్యి వేశాను.

బుధవారం, ఓటు రోజు
గాలి: చెప్పనక్కర్లేదు. నీళ్ళు: ఎటు చూసినా. తాళ్ళు: చూస్తూ కూర్చున్నాం.

ఇది హాల్లో కూర్చుని రాస్తున్నాను. మోకాలి మీద పెట్టి రాయడం వల్ల అక్షరాలు వంకరగా ఉన్నాయి, రేవు ఆఫీసువారు మన్నించాలి.

పొద్దున్న మబ్బుగా ఉన్నా గాలి ఆగింది. మా తోక వరస వాళ్ళందరూ ముందు తాళ్ళు తెచ్చి మా గుంజకి కట్టేశారు. అది అనుకున్నదే. ఆ తర్వాత నేను అనుకోనిది జరిగింది. నడిమి వరసలోంచి ఒక ఇల్లు మోటారు వేసుకుని, గుడగుడమంటూ, వెనక్కి తిరిగింది. డెక్కు నిండా కోళ్ళు.

"వచ్చేశానే రత్నం!" అని అరిచింది లోవకుమారి. "దేవుడి పటాలన్నీ గోడలకి కట్టి మరీ వచ్చేను. ఏదీ మీ గుంజ?"

ఆవిడని చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి మరొకరు. రత్నం గొంతు కోసం వేస్తానన్న ముసలాయన కూడా కోడలి చేత ఇల్లు నడిపించుకుంటూ వచ్చాడు. నడిమి వరసలు ఖాళీ అవుతున్నాయి. తాళ్ళు ఇంటి మీదుగా ఇంటికి చేతులు మారుతూ వచ్చి మా గుంజకి అరటిగెలలా దిగాయి. విశ్వనాథం గారు గోడ మీంచి దుర్భిణి పెట్టి చూసి, పక్కనున్నవాళ్ళతో ఏదో అన్నారట. ఆ మాట పడవ మీద పడవ దాటుకుని మా దాకా వచ్చింది: రత్నం గెలుస్తోంది.

నాకు గాల్లో తేలినట్టుంది. నేను రాబోయే శాసనసభ్యురాలి భర్త హోదాలో అందరికీ ఊరికే పెసరట్లు వెయ్యడం మొదలుపెట్టాను.

మూడో పెనం వేడెక్కుతుండగా ఊళ్ళోని గాలిపెట్టెలన్నీ ఒక్కసారి మాట్లాడాయి.

"తుఫాను దారి మళ్ళింది. కోత హెచ్చరిక. తోక ఖాళీ చెయ్యండి. బట్టల సంగతి తర్వాత."

ఎవరూ కదల్లేదు. తాళ్ళకి అధికారి లక్క ముద్రలు వేసేది మధ్యాహ్నం. ముద్ర పడితేనే ఓటు. ముద్ర పడ్డ తాడు విప్పడానికి లేదు. అప్పటిదాకా ఇళ్ళు మా వెనకే ఉంటే రత్నం గెలుస్తుంది. తర్వాత ఆ ఇళ్ళన్నీ కోతకి పోతాయి.

"ఉంటాం," అంది లోవకుమారి. "ముద్ర పడేదాకా ఉండి హాలుకెళ్తాం. ఇల్లు పోతే ఇంకోటిత్తారు. నువ్వు గెలిత్తే పైసారి ఎవరిదీ పోదు."

"అవును, ఉంటాం," అన్నారు ఇంకా కొందరు.

నిజం చెప్తున్నాను, నాకూ ఉండాలనే అనిపించింది. ఇంత దగ్గరికి వచ్చాక ఎలా వదులుకుంటాం? రత్నం మా గుంజకేసి చూసింది. లోవకుమారి కోళ్ళకేసి చూసింది. తర్వాత గబగబా ఇంటి కప్పెక్కింది.

"పాట అయిపోయింది!" అని వేలం గొంతుతో అరిచింది. "కొట్టేశాను! తాళ్ళు విప్పండి! అందరూ గోడకి పదండి! పచ్చ తాడు పెద్దమ్మ గుంజకి కట్టండి!"

"రత్నం!" అన్నాను.

"గోడోళ్ళ సందుల్లోకి దూరండి! ఆపితే ఓటుకొచ్చామనండి! ఓటుకొచ్చిన ఇంటిని ఆపే హక్కు ఎవరికీ లేదు! ఊఁ, కదలండి!"

అదొక్కటే దారి. గోడ సందుల్లోకి పరాయి ఇల్లు రాకూడదు, గోడ అభ్యర్థికి ఓటెయ్యడానికి వచ్చిన ఇల్లు తప్ప. ఆ చాటున చేరాలంటే వరాలమ్మ గారికే వెయ్యాలి.

లోవకుమారి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మరి నువ్వో?"

"నాయిల్లు మాత్రం ఎందుకు పోవాలి? నేనూ పెద్దమ్మకే వేత్తాను."

రత్నం కప్పు దిగగానే చెయ్యి పట్టుకున్నాను. "గెలుస్తున్నావే!"

"తెలుసు. మోటారు వెయ్యి," అంది. నాకు కోపం, గర్వం, ఏడుపు మూడూ ఒకేసారి వచ్చాయి. మోటారు వేశాను.

అటువైపు వరాలమ్మ గారు కోత కత్తి పట్టుకుని తోకకి బయలుదేరబోతున్నారు. తోకే ఎదురు రావడం చూసి అక్కడే ఆగిపోయారు. గోడ వరసలో కిటికీలు టపటపా మూసుకున్నాయి. "మా సందు! మా సందులోకెలా వత్తారు?" అని ఒక పెద్దమనిషి డెక్కు మీద గంతులేశాడు.

"ఓటరుని ఆపితే జైలేనండోయ్," అన్నారు వరాలమ్మ గారు గట్టిగా. "జరగండి. రానివ్వండి."

ఇళ్ళు ఒకదాని వెంట ఒకటి దూరాయి. పక్కలకి కట్టిన టైర్లు నలిగి కిర్రుమన్నాయి. ఒక సందు నిండితే పక్క సందు, అవీ నిండితే వెనక. చెప్పుల కాలితో ఊరి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి వెళ్ళేంత బిగుతుగా అయిపోయింది. మా ఇల్లు సరిగ్గా వరాలమ్మ గారింటి పక్కకి వచ్చి ఆనింది. రత్నం మా పచ్చ తాడు విసిరింది. వరాలమ్మ గారే అందుకుని తన గుంజకి చుట్టారు. విశ్వనాథం గారు పాపం వాంతులు చేసుకుంటూనే అన్ని తాళ్ళకీ ముద్రలు వేశారు. మేం హాలెక్కాం.

మధ్యాహ్నం దాటాక గాలి వచ్చింది. దాని గురించి ఎక్కువ రాయను, చూసినవాళ్ళకి తెలుసు. హాల్లో ఎవరూ అలల్ని చూడలేదు. అందరూ చెవులు రిక్కించి ఒకే చప్పుడు కోసం కూర్చున్నారు, కొక్కేల కీచు కోసం. కిందటి కార్తీకంలో ఆ కీచు విన్నాకే కోశారు. వరాలమ్మ గారు కిటికీ దగ్గర కత్తి పట్టుకుని నిలబడ్డారు. కొయ్యడానికి తోక లేదు. ఊరంతా ఒకటే ముద్ద. అల వస్తే మొత్తం లేచింది, పోతే మొత్తం దిగింది.

దీపాలు పెట్టే వేళకి గాలి వెనకబట్టింది.

"కొక్కేలు అరవలేదేటే?" అంది లోవకుమారి, కోడిపెట్టని ఒళ్ళో పెట్టుకుని.

వరాలమ్మ గారు ఆ కిటికీ దగ్గరే కూలబడిపోయారు.

గురువారం
గాలి పడమర, మందం. నీళ్ళు పావు ట్యాంకు. తాళ్ళు ఒక్కటీ తెగలేదు.

పొద్దున్నే దిగి చూశాం. కప్పులు కొన్ని ఎగిరాయి, టైర్లు చిరిగాయి, లోవకుమారి కోళ్ళ గూడు పోయింది. ఇల్లు ఒక్కటీ పోలేదు. గోడ కొక్కేల్లో ఒక్కటైనా వంగలేదు.

ఎందుకో నాలాంటి వాడికి కూడా అర్థమైంది. సందులు వదిలి పొడుగ్గా కట్టిన ఊరు గాలికి అటూ ఇటూ కొట్టుకుని కొక్కేల్ని గుంజుతుంది. ఒకదానికొకటి ఆనించి బిగించిన ఊరికి గుంజే వీల్లేదు. ఒక్కసారి సందులు మూసి చూస్తే తెలిసేది. ఎవరూ మూయలేదు. ఇంజినీర్లు లెక్క వేసినప్పుడు కూడా సందుల్ని ముట్టుకోలేదు, అవి గోడ వరస హక్కు కాబట్టి. నేనైనా ఎప్పుడూ అనుకోలేదు. నా పడవ తిరిగేది వాటిలోనే కదా.

ఇవాళ పడవకి దారి లేదు. ఇడ్లీ గిన్నె నెత్తిన పెట్టుకుని డెక్కు మీంచి డెక్కు మీదికి నడుస్తూ అమ్మాను. తిరిగి వచ్చేసరికి వరాలమ్మ గారు మా ఇంటికి ఆనుకున్న తన డెక్కు మీద కూర్చుని ఉన్నారు. తల దువ్వుకోలేదు. రత్నం ఎదురుగా నిలబడింది.

"పెద్దమ్మా," అంది. వేలం గొంతు కాదది, నేనెప్పుడూ విననిది. "మా నాన్న సందు కోసం పోయాడా?"

వరాలమ్మ గారు మూసుకుపోయిన సందుకేసి చూశారు.

"కిటికీలోకి గాలి రావాలని పోయాడా?"

"నాకు తెల్దమ్మా," అన్నారు ఆవిడ. "ఒట్టు, నాకు తెల్దు. వాళ్ళు లెక్క చెప్పేరు, నేను కోశాను. సందు మాట నేనడగలేదు. నేనుండేది ఇక్కడే కదా, నాకు తట్టనేలేదు." చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు. ఊళ్ళో ప్రతి చావుకీ ఏడ్చిన మనిషే. ఇలా ఏడవడం ఎవరం చూడలేదు. రత్నం ఓదార్చలేదు. అలాగని పక్కనుంచి కదల్లేదు కూడా.

ఆ సమయానికి విశ్వనాథం గారు ఒకరి భుజం పట్టుకుని నడుచుకుంటూ వచ్చారు. సముద్రం సద్దుమణిగినందుకు మొహం కొంచెం తేరుకుంది. వరాలమ్మ గారికేసి తిరిగారు.

"అమ్మా, లెక్కకి ముందు ఒక్క తాడు మిగిలింది. నిన్నటి హడావిడిలో మీ ఓటు మీరు వెయ్యలేదు. మీ గుంజకి చుట్టేస్తే ముద్ర వేసి రాజధానికి బయలుదేరతాను. ఇళ్ళు కూడా సాయంత్రంలోగా ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళిపోవాలి, అది రూలు."

"ఎవరూ ఎక్కడికీ ఎల్లరండి," అన్నారు వరాలమ్మ గారు కళ్ళు తుడుచుకుంటూ. "నేను సభకెళ్ళి ఆ కోత చట్టం తీయించి వచ్చేదాకా ఈ ఊళ్ళో సందన్నది తెరిత్తే ఊరుకోను. రూలు తప్పినట్టు నా పేరున రాసుకోండి."

లేచి తన పచ్చ తాడు తీసుకున్నారు. గుంజ పక్కనే ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. ఆవిడ దాన్ని దాటుకుని, డెక్కు అంచు దాటి, మా డెక్కు మీదికి వచ్చారు. మా గుంజకి తాడు చుట్టి ముడి వెయ్యబోయారు. ముడి జారిపోయింది. మళ్ళీ చుట్టారు, మళ్ళీ జారింది.

రత్నం చాలాసేపు చూస్తూ నిలబడింది. తర్వాత ముందుకి వచ్చి తాడు రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి బిగించారు. విశ్వనాథం గారు ఏదో అనబోయి, మానేసి, లక్క కరిగించి ముద్ర వేశారు.

లెక్క చదివినప్పుడు చప్పట్లు ఎవరూ కొట్టలేదు. మా ఆవిడ ఓడిపోయింది. ఊళ్ళో ప్రతి తాడూ, మా తాడుతో సహా, వరాలమ్మ గారికే పడింది. రత్నానికి వచ్చింది ఒకే ఒక్క ఓటు. అది వరాలమ్మ గారిది.